జూలో, అక్వేరియంలో కొలువు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఒడిశా సరిహద్దు జిల్లాల నుంచి, గోదావరి అవతలి సిరొంచ నుంచి ఈ మధ్య వచ్చిన ఉత్తరాల్లో జంతువుల సంరక్షణ ఉద్యోగాల గురించి అడిగినవే ఎక్కువ. ఒకే తరహా ప్రశ్నలను కలిపి, ఎనిమిదింటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాం.

మా అమ్మాయి ప్లస్ టూ సైన్స్ చదువుతోంది. జూలో పనిచేస్తానని పట్టు పట్టింది. పశువైద్యం చదివితేనే అవుతుందా? ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బడిలో ఒడియా చదివింది. భువనేశ్వర్ పంపాలా, ఆంధ్ర వైపు పంపాలా? – ఒక తల్లి, పర్లాకిమిడి

పశువైద్యం ఒక దారి మాత్రమేనమ్మా. పెద్ద జూలో డాక్టరుతో పాటు బయాలజిస్టు, క్యూరేటరు, సందర్శకులకు పాఠాలు చెప్పే ఎడ్యుకేషన్ ఆఫీసరు, మేత స్టోరు చూసేవాళ్ళు, లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టరు, అందరికంటే ఎక్కువ మంది కీపర్లు ఉంటారు. మన దగ్గర పెద్ద జూలు చాలావరకు అటవీ శాఖ చేతిలో ఉన్నాయి. డైరెక్టరు సాధారణంగా ఐఎఫ్ఎస్ (అటవీ సర్వీసు) అధికారి. డాక్టరు పశుసంవర్ధక శాఖ నుంచి డిప్యుటేషన్ మీద రావడం మామూలే. అందుకే ‘జూ ఉద్యోగాలు’ అనే పేరుతో ప్రకటన పడుతుందని ఎదురుచూస్తూ కూర్చుంటే ఏళ్ళు గడిచిపోతాయి. అటవీ శాఖ ద్వారానో, పశుసంవర్ధక శాఖ ద్వారానో, కాంట్రాక్టు బయాలజిస్టుగానో లోపలికి వెళ్ళాలి.

పశువైద్య డిగ్రీ అయిన బీవీఎస్సీ కోర్సు ఐదున్నర ఏళ్ళు. అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. దేశంలోని సీట్లలో 15 శాతం అఖిల భారత కోటా. వాటిని నీట్ ర్యాంకు మీద వెటర్నరీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నింపుతుంది. మిగతావి రాష్ట్రాల సీట్లు, అక్కడ స్థానికతే ముఖ్యం. మీ అమ్మాయి చదువంతా ఒడిశాలోనే జరిగింది కాబట్టి భువనేశ్వర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయపు వెటర్నరీ కాలేజీ మొదటి గురి కావాలి. తహసీల్దారు ఇచ్చే రెసిడెంట్ సర్టిఫికెట్ ఇప్పుడే తీసి పెట్టుకోండి. విజయనగరం జిల్లా గరివిడిలో వెటర్నరీ కాలేజీ ఉంది, మీ ఊరికి భువనేశ్వర్ కంటే దగ్గర. కానీ అక్కడి రాష్ట్ర సీట్లలో ఆంధ్రలో చదివిన పిల్లలదే ముందు వరస. దూరం చూసి ఆశ పెట్టుకోవద్దు.

బడిలో ఒడియా చదవడం మీ అమ్మాయికి పెద్ద ఆస్తి. ఒడిశా ప్రభుత్వ కొలువులకు ఏడో తరగతి స్థాయి ఒడియా పాసై ఉండాలన్న షరతు ఉంటుంది. తెలుగు మీడియంలోనో, ఒడియా లేని ఇంగ్లిష్ మీడియంలోనో చదివిన మన పిల్లలు ఫారెస్ట్ గార్డు దరఖాస్తు చివరి రోజుల్లో ఈ సర్టిఫికెట్ కోసం పరుగులు పెడుతుంటారు. అలాంటి వాళ్ళు ముందే ఎంఈ (అంటే ఆ ఏడో తరగతి) స్థాయి ఒడియా పరీక్ష రాసి పెట్టుకోవాలి.

వెటర్నరీ సీటు రాకపోతే బీఎస్సీ జువాలజీ, ఆపైన వన్యప్రాణి శాస్త్రంలో ఎమ్మెస్సీ చేయవచ్చు. డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా ఆ చదువుకు పేరున్న చోటు. ఏ దారి ఎంచుకున్నా ముందుగా, వచ్చే ఎండాకాలం సెలవుల్లో ఒక నెల మీ ఊరి పశువుల ఆసుపత్రికి పంపండి. ఈనలేకపోతున్న ఆవును, చీము పట్టిన గిట్టను, బతకని దూడను చూసి కూడా మర్నాడు పొద్దున్నే బయలుదేరితే, ఆ పిల్లను ఆపకండి.

పదో తరగతి పాసయ్యాను. కీపరు పని అంటే రోజూ ఏం చేయాలి? ఇంట్లో గేదెలు, మేకలు ఉన్నాయి. ఆ అనుభవం పనికొస్తుందా? – ఒక యువకుడు, గుణుపూర్

బాగా పనికొస్తుంది. గేదె నెమరు ఆపిందని గట్టు మీద నుంచే కనిపెట్టే కన్ను దుప్పుల దగ్గరా, కణుజుల దగ్గరా అక్కరకొస్తుంది. తేడా ఒక్కటే. ఇంటి గేదె జబ్బును దాచదు, అడవి జంతువు దాచుకుంటుంది. బలహీనంగా కనిపించినది వేటకు దొరుకుతుంది కాబట్టి చివరి ఘడియ దాకా మామూలుగా ఉన్నట్టే ఉంటుంది. కీపరు దాన్ని చిన్న గుర్తులతో పట్టుకోవాలి.

పొద్దున్న మొదటి పని తలుపు తీయడం కాదు, తలుపు తీయకుండా చూడడం. రాత్రి గదిని జూలలో ‘క్రాల్’ అంటారు. ఎన్ని జంతువులున్నాయి, ఎలా పడుకున్నాయి, తొట్టిలో నీళ్ళు ఎంత తగ్గాయి, తిండి ఎంత మిగిలింది, మలం ఎక్కడ, ఎలా ఉంది అనేవి చూడాలి. దుప్పి మలం గుళికలుగా విడివిడిగా ఉండాలి. ముద్దగా అంటుకుని ఉంటే కడుపులో ఏదో తేడా. పులి కంటి లోపలి మూల నుంచి తెల్లటి పొర పైకి కనిపిస్తూ ఉంటే ఒంట్లో బాగా లేదు. పక్షి ఈకలు ఉబ్బించుకుని, ఊపిరి తీసినప్పుడల్లా తోక కిందికీ పైకీ ఊగుతుంటే అప్పటికే ఆలస్యమైందని అర్థం, డాక్టరుకు ఆ నిమిషమే చెప్పాలి.

తర్వాత తాళాలు. పులి, ఎలుగు, సింహం దగ్గర వరస ఎప్పుడూ ఇదే: జంతువును బయటి ఆవరణలోకి వదలాలి, మధ్య స్లైడింగ్ తలుపు దించాలి, తాళం వేసి లాగి చూడాలి, అన్ని జంతువులూ బయట ఉన్నాయని కంటితో లెక్కపెట్టాలి, ఆ లెక్క జతగాడికి పైకి చెప్పాలి, అప్పుడే క్రాల్‌లో కాలు పెట్టాలి. ‘ఇందాకే వదిలాను కదా’ అనే జ్ఞాపకం మీద ఎవరూ లోపలికి వెళ్ళకూడదు. కీపర్ల ప్రాణాలు పోయే ప్రమాదాలకు మూలం చాలాసార్లు జంతువు కోపం కాదు, వేశాననుకున్న తాళం. ఇద్దరు లేకుండా పెద్ద పిల్లుల గది తెరవకూడదు. ఒంటరిగా వెళ్ళి కడిగి రమ్మని పై అధికారి చెప్పినా సరే, జతగాడు వచ్చేదాకా ఆగండి.

కడగడంలో చాలామంది చేసే తప్పు, మలం మీదే బ్లీచింగ్ పౌడరు చల్లడం. మలం, రక్తం, మాంసం ముక్కలు క్లోరిన్‌ను అక్కడికక్కడే తినేస్తాయి, క్రిములు మిగిలిపోతాయి. ముందు ఎత్తిపోయాలి, సబ్బు నీళ్ళతో రుద్దాలి, కడగాలి, ఆ తర్వాతే మందు నీళ్ళు. తాజా బ్లీచింగ్ పౌడరు లీటరుకు 3, 4 గ్రాములు చాలు. పది నిమిషాలు నాననిచ్చి మళ్ళీ శుభ్రంగా కడిగి ఆరబెట్టాలి. మూత్రం కడగకుండా బ్లీచింగ్ పోస్తే ఘాటైన వాయువు లేస్తుంది. మీ ఊపిరితిత్తులకూ, గదిలోకి వచ్చే జంతువుకూ అది హాని. ఇంట్లో వాడే ఫినాయిల్ పులుల గదిలో అసలు వాడకూడదు. పిల్లి జాతి కాలేయం ఆ రకం పదార్థాలను విరిచి బయటికి పంపలేదు. నేల మీది ఫినాయిల్ పంజాలకు అంటి, నాకడంతో కడుపులోకి పోతుంది.

తిండి దగ్గరికొస్తే, పెద్ద పులికి రోజుకు 8 నుంచి 12 కిలోల మాంసం, వారంలో ఒక రోజు ఉపవాసం, ఇది మన జూల పద్ధతి. సాయంత్రం క్రాల్‌లోనే పెడతారు. పగలు బయట పెడితే రాత్రి లోపలికి పిలిచినా రాదు, అప్పుడు తాళాల లెక్కంతా తప్పుతుంది. పులి కూనలకు ఎముక లేని మెత్తటి మాంసం ముద్దుగా పెట్టేవాళ్ళు ఉంటారు. అందులో కాల్షియం కంటే భాస్వరం 15, 20 రెట్లు ఎక్కువ. రక్తంలో కాల్షియం నిలుపుకోవడానికి శరీరం ఎముకలను కరిగించుకుంటుంది. రెండు నెలల్లో కూన కాళ్ళు వంగిపోతాయి, గెంతితే విరుగుతాయి. దుప్పుల దగ్గర ఇంకో పొరపాటు, దాణా అంతా ఒకే తొట్టిలో పోయడం. కొమ్ముల మగదొకటి అడ్డంగా నిలబడితే ఆడవీ, పిల్లలూ పస్తుంటాయి. నాలుగైదు చోట్ల, ఒకదానికి ఒకటి కనిపించనంత దూరంలో పోయండి. పెట్టింది ఎంతో, మిగిలింది ఎంతో తూకం వేసి పుస్తకంలో రాయండి. ‘తిన్నది’ అని రాస్తే డాక్టరుకు ఏమీ తెలియదు. ‘10 కిలోలు పెట్టాం, 4 కిలోలు మిగిలింది, నిన్న 1 కిలో’ అని ఉంటే పంటి నొప్పో, జ్వరమో వెతకడం మొదలుపెడతాడు.

కీపరు పోస్టులు ఇప్పుడు ఎక్కువగా ఔట్‌సోర్సింగ్‌లో ఉన్నాయి. చేరే రోజే పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయో లేదో కాగితం మీద చూసుకోండి. పదో తరగతితో ఆగిపోకుండా ప్లస్ టూ పూర్తి చేస్తే ఒడిశాలో ఫారెస్ట్ గార్డు పరీక్షకు అర్హత వస్తుంది. అది పక్కా ఉద్యోగం.

జూలో పనికి చేరబోయే ముందు ఏ టీకాలు వేయించుకోవాలి? – రాయగడ

ధనుర్వాతం, రేబిస్. కరవకముందు తీసుకునే రేబిస్ టీకా 0, 7, తర్వాత 21 లేదా 28వ రోజున వేస్తారు. అది ఉన్నా కరిచినప్పుడు సబ్బు నీళ్ళతో పావుగంట కడగడం, మళ్ళీ రెండు డోసులు వేయించుకోవడం తప్పదు. హెపటైటిస్ బి కూడా మంచిది. ఏడాదికోసారి క్షయ పరీక్ష చేయించుకోండి. ఇది మీ కోసమే కాదు. ఏనుగుకు, కోతికి, దుప్పికి మనిషి నుంచి క్షయ సోకుతుంది. 2021 మే నెలలో హైదరాబాద్ నెహ్రూ జూలో ఎనిమిది సింహాలకు కరోనా వచ్చిందని అక్కడి సీసీఎంబీ పరిశోధన సంస్థ పరీక్షల్లో తేలింది. దగ్గు, జ్వరం ఉన్న రోజున సెలవు పెట్టడం కీపరు బాధ్యతలో భాగం.

రంగేయిలుండ ఫిషరీస్ కాలేజీలో బీఎఫ్ఎస్సీ చదువుతున్నాను. రొయ్యల చెరువుల వైపు కాకుండా అక్వేరియంలో పని చేయాలని ఉంది. ఏం నేర్చుకోవాలి? డాల్ఫిన్ ట్రైనర్ అవకాశం ఉందా? – బరంపురం

డాల్ఫిన్ సంగతి ముందు. డాల్ఫిన్లతో ఆటలాడించే కేంద్రాలకు అనుమతి ఇవ్వకూడదని మన కేంద్ర ప్రభుత్వం 2013లో తేల్చేసింది. ఈ దేశంలో ఆ ఉద్యోగం లేదు, ఉండకపోవడమే న్యాయం. రోజుకు పదుల కిలోమీటర్లు ఈదే జీవిని తొట్టిలో తిప్పడం ఎంత బాగా చూసుకున్నా సరిపడదు. డాల్ఫిన్ల మీద మనసుంటే చిలికా మీ పక్కనే ఉంది. అక్కడి ఇరావడి డాల్ఫిన్ల లెక్కింపులో, వలల్లో చిక్కినవాటి పరిశీలనలో పని ఉంటుంది.

అక్వేరియం విషయానికొస్తే చోట్లు తక్కువ. విశాఖలో మత్స్యదర్శిని, భువనేశ్వర్ నందన్‌కానన్ జూ లోపలి అక్వేరియం మనకు దగ్గర. పెద్దవి అహ్మదాబాద్ సైన్స్ సిటీలోనూ, చెన్నైలోనూ వచ్చాయి. కాబట్టి అలంకార చేపల హేచరీలు, భువనేశ్వర్ కౌసల్యాగంగలోని మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ (సీఫా), విశాఖలోని సముద్ర మత్స్య పరిశోధన కేంద్రం, ఇవన్నీ కలిపి వెతుక్కోవాలి. మీ చేతిలో చూపించదగ్గ విద్య ఒక్కటే: నీళ్ళు నిలబెట్టడం. చేపను పెంచడం కంటే ముందు నీటిని పెంచాలి.

కొత్త తొట్టిలో నీళ్ళు అద్దంలా ఉన్నాయని మొదటి రోజే చేపలు వదిలితే వారంలో చనిపోతాయి. చేప మొప్పల నుంచి అమ్మోనియా వదులుతుంది. దాన్ని నైట్రైటుగా, ఆ నైట్రైటును నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా ఫిల్టరు రాళ్ళ మీద స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో చేపలకు బదులు అమ్మోనియం క్లోరైడు వేసి అమ్మోనియాను లీటరుకు 2 మిల్లీగ్రాముల దగ్గర ఉంచండి. వేసిన 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు దిగితే తొట్టి సిద్ధం. ఆ తర్వాత కూడా చేపలను కొద్దికొద్దిగా వదలాలి. ఒకేసారి యాభై వదిలితే బ్యాక్టీరియా అందుకోలేదు. ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద కడిగేయడం ఇంకో తప్పు. కుళాయి నీళ్ళ క్లోరిన్ ఆ బ్యాక్టీరియాను చంపుతుంది, తొట్టి మళ్ళీ మొదటికొస్తుంది. తొట్టిలోంచి తోడిన నీళ్ళలోనే పిండాలి.

సముద్రపు తొట్టికి గుర్తుంచుకోవలసిన అంకెలు: లవణీయత వెయ్యికి 33 నుంచి 35 వంతులు, పీహెచ్ 8.0 నుంచి 8.4, వేడి 25 నుంచి 27 డిగ్రీలు, కరిగిన ఆక్సిజన్ లీటరుకు 5 మిల్లీగ్రాములకు తగ్గకూడదు. పీహెచ్, వేడి పెరిగేకొద్దీ అదే అమ్మోనియా మరింత విషమవుతుంది. మే నెల మధ్యాహ్నం గోపాల్‌పూర్‌లో ఏసీ ఆగిపోయిన తొట్టికి అసలు ముప్పు అదే. సముద్రపు నీళ్ళు తోడేటప్పుడు వానాకాలం జాగ్రత్త. ఋషికుల్య వరద కలిసి లవణీయత పడిపోతుంది, బురద వస్తుంది. పోటు సమయంలో తోడి, ఇసుక ఫిల్టరు దాటించి, క్లోరిన్ వేసి, ఆ క్లోరిన్‌ను సోడియం థయోసల్ఫేటుతో విరవాలి. ఒక వంతు క్లోరిన్‌కు సుమారు ఏడు వంతుల థయోసల్ఫేటు. వెయ్యి లీటర్లలో లీటరుకు 10 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉంటే అది 10 గ్రాములు, కాబట్టి 70 గ్రాములు వేయాలి. వేశాక కిట్‌తో సున్నా అని చూడకుండా చేపల తొట్టికి కలపకండి.

కొత్తగా వచ్చిన చేపలకు 30 రోజుల క్వారంటైన్, వాటి వల, బకెట్టు, గొట్టం అన్నీ వేరు. సముద్రపు చేపల తెల్లచుక్కల జబ్బుకు రాగి మందు వాడితే లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాముల మధ్య నిలపాలి, రోజుకు రెండుసార్లు కొలవాలి. తగ్గితే జబ్బు పోదు, పెరిగితే చేప పోతుంది. రొయ్య, పీత, పగడం, నక్షత్రపు చేప ఉన్న తొట్టిలో రాగి చుక్క పడకూడదు. ఐస్‌లో నిలవ ఉంచిన చేపలు తినిపించే చోట కిలోకు 25 నుంచి 30 మిల్లీగ్రాముల థయామిన్ కలుపుతారు. నిలవలో ఆ విటమిన్ పోతుంది, కొన్ని చేపల్లో దాన్ని విరిచే ఎంజైము కూడా ఉంటుంది. అది తక్కువైన జంతువు తిండి మానేస్తుంది, తర్వాత వణుకు, మూర్ఛ.

మన వైపు కరెంటు కోతలు, తుఫానులు మామూలు కాబట్టి ఇదీ రాసుకోండి: కరెంటు పోయిన వెంటనే మేత ఆపాలి. తిన్న చేపకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి. బ్యాటరీ ఏరేటరు ముందు, జనరేటరు తర్వాత.

జువాలజీ ఎమ్మెస్సీ చేస్తున్నాను. జూ బయాలజిస్టు ఇంటర్వ్యూకు వెళ్ళినప్పుడు చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. పులుల దగ్గరికి ఎవరు రానిస్తారు? – కోరాపుట్

పులి అక్కర్లేదు. మీ ఊళ్ళో గుడి దగ్గర కోతులు చాలు. ముందు ఒక పట్టీ తయారు చేయండి: నడక, తినడం, పేను చూడడం, పడుకోవడం, కొట్లాట, మనుషుల దగ్గర తిండి లాక్కోవడం, కనబడకపోవడం. ఒక్కొక్కదానికి ఒకే వాక్యంలో నిర్వచనం రాయండి. ఇద్దరు వేర్వేరుగా చూసినా ఒకే గడిలో గుర్తు పెట్టేంత స్పష్టంగా ఉండాలి. ‘కోపంగా ఉంది’, ‘బెంగగా ఉంది’ అని రాయకూడదు. పళ్ళు బయటపెట్టింది, మూలకు తిరిగి కూర్చుంది, ఇలా కంటికి కనబడింది మాత్రమే.

ఒక కోతిని ఎంచుకుని అర్ధగంట పాటు, ప్రతి నిమిషం గంట మోగగానే ఆ క్షణంలో ఏం చేస్తోందో ఒక గీత. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం కలిపి రోజుకు 90 గీతలు, పది రోజులకు 900. జూలో కూడా ఇదే పద్ధతి. ఎలుగుబంటి 900లో 270 సార్లు ఒకే దారిలో అటూ ఇటూ తిరిగితే 30 శాతం. అప్పుడు ఆవరణలో ఏదైనా మార్పు చేసి పది రోజులు, మార్పు తీసేసి ఇంకో పది రోజులు లెక్కపెడతారు. మూడు విడతలు లేకపోతే తిరుగుడు తగ్గింది మీరు చేసిన మార్పు వల్లనో, వాన పడి చల్లబడడం వల్లనో చెప్పలేరు. ఇంకొకటి, తిండికి గంట ముందు తిరుగుడు సహజంగానే పెరుగుతుంది. ఒక విడత ఆ సమయంలో, మరో విడత వేరే సమయంలో చూసి పోలిస్తే లెక్కంతా తప్పు.

ఆవరణలో చేసే మార్పులను ఎన్‌రిచ్‌మెంట్ అంటారు. ఎలుగుకు దుంగలో బొటనవేలంత రంధ్రాలు తొలిచి అడుగున తేనె పూయడం, చెదల మట్టిగడ్డలు ఇవ్వడం బాగా పనిచేస్తాయి. అడవిలో అది రోజులో ఎక్కువ భాగం తవ్వడం, పీల్చడం, వెతకడంలోనే గడుపుతుంది. క్రాల్‌లో పళ్ళెంలో పెట్టిన గంజి పది నిమిషాల్లో అయిపోతుంది, మిగతా పగలంతా చేయడానికి ఏమీ లేక తల ఊపుతుంది. అదే తిండిని పది చోట్ల దాస్తే మూడు గంటల పని. ఇందులోనూ ప్రమాదాలున్నాయి. లోపల ఉక్కు తీగలున్న కారు టైర్లు కొరికితే తీగ కడుపులోకి పోతుంది. కొమ్ముల జంతువు దగ్గర వేలాడే తాడు మెడకు చుట్టుకుంటుంది. గుంపులో ఒకే ఆట వస్తువు వేస్తే కొట్లాట. వేసిన ప్రతిదాన్నీ సాయంత్రం తీసి లెక్క చూడాలి.

బయాలజిస్టు పనిలో సగం రికార్డులే. పుట్టుక, చావు, జత, బదిలీ, మైక్రోచిప్ నంబరు, కేంద్ర జూ అథారిటీకి పంపే జాబితాలు. 1992లో ఏర్పడిన ఆ అథారిటీ గుర్తింపు లేకుండా దేశంలో జూ నడపకూడదు. 2009 నాటి జూ గుర్తింపు నియమాలు తప్పక చదివి వెళ్ళండి. ఇంటర్వ్యూలో మీ కోతుల 900 గీతలు, ఆ నియమాలు రెండూ ఉంటే పై ఉత్తరంలోని సందేహం తీరుతుంది.

బీవీఎస్సీ నాలుగో ఏడాది. వన్యప్రాణుల డాక్టరు కావాలి. కాలేజీలో ఎక్కువగా ఆవులు, కుక్కలే. జూలో కొత్తగా ఏం తెలియాలి? – జయపురం విద్యార్థి, భువనేశ్వర్ నుంచి

ఆవుల వైద్యం బాగా రానివాళ్ళకు గౌరు (అడవి దున్న) వైద్యం రాదు. కాబట్టి ఆ నాలుగేళ్ళు వృథా కాలేదు. తర్వాత ఎంవీఎస్సీకి ఇజత్‌నగర్‌లోని పశువైద్య పరిశోధన సంస్థ ఐవీఆర్‌ఐలో వన్యప్రాణి విభాగం ఉంది. మీ విశ్వవిద్యాలయంలోనే వైల్డ్‌లైఫ్ హెల్త్ సెంటరు ఉంది, ఇంటర్న్‌షిప్‌లో అక్కడికి వెళ్ళమని అడగండి. పేథాలజీ తీసుకోవడానికి వెనకాడకండి. జూలో చచ్చిన ప్రతి జంతువుకూ శవపరీక్ష జరగాలి, మిగతావాటిని కాపాడేది అదే. ముక్కలను సెంటీమీటరుకు మించని మందంలో కోసి, పదింతలు ఎక్కువ ఉన్న 10 శాతం ఫార్మలిన్‌లో వేయాలి. పెద్ద ముద్దను చిన్న సీసాలో కుక్కితే బయట గట్టిపడి లోపల కుళ్ళుతుంది.

కొత్తగా నేర్చుకోవలసినది పట్టుకోవడం. దుప్పినో, కృష్ణజింకనో ఎండలో తరిమి పట్టుకుంటే సూది బాగానే పడుతుంది, లేచి నడుస్తుంది, రెండు రోజుల తర్వాతో, వారం తర్వాతో చనిపోతుంది. భయంతో, పరుగుతో కండరాలు చితికి వాటి రంగు పదార్థం మూత్రపిండాలను అడ్డుకుంటుంది. మూత్రం కాఫీ రంగులో వస్తే అదే. దీనికి మందు కంటే ముందుజాగ్రత్తే గతి: తెల్లవారుజామున మాత్రమే, తరమడం నిమిషాలకు మించకుండా, పడగానే కళ్ళకు గుడ్డ, పొట్ట మీద కూర్చోబెట్టి తల ఎత్తి ఉంచడం. పక్కకు పడుకోబెడితే నెమరు ఊపిరితిత్తుల్లోకి పోతుంది, కడుపు ఉబ్బుతుంది. ఐదు నిమిషాలకోసారి ఒంటి వేడి చూడండి. 41 డిగ్రీలు దాటితే అన్ని పనులూ ఆపి నీళ్ళు పోయడం, తేరుకునే మందు ఇవ్వడం. మత్తు ఇచ్చే కెటామిన్ షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే చట్టం గట్టిగా అదుపు చేసే జాబితాలోది. బీరువా తాళం, వాడిన ప్రతి మిల్లీలీటరూ రిజిస్టరులో ఉండాలి.

నందన్‌కానన్ చరిత్రే మీకు రెండు పాఠాలు చెబుతుంది. 2000 జూలైలో అక్కడ 12 పులులు రోజుల వ్యవధిలో చనిపోయాయి. వాటి రక్తంలో కనిపించింది సుర్రా జబ్బు పరాన్నజీవి. జోరీగలు, జబ్బు పశువు మాంసం ద్వారా అది చేరుతుంది. వానాకాలంలో ఈగల అదుపు, మాంసం తనిఖీ డాక్టరు బాధ్యత కావడానికి కారణం ఇలాంటివే. 2019లో అదే జూలో హెర్పిస్ వైరస్‌తో నాలుగు ఏనుగు పిల్లలు పోయాయి. ఒకటి నుంచి ఎనిమిదేళ్ళ ఏనుగు పిల్లలకు ఆ వైరస్ ముప్పు ఎక్కువ. మందకొడితనం, తల వాపు, నాలుక నీలం తిరగడం కనిపించాక చేతిలో గంటలే ఉంటాయి. అందుకే రక్తం తీయించుకోవడానికి పిల్లలకు ముందే శిక్షణ ఇచ్చి, వారం వారం పరీక్షకు పంపాలి. చెవి చాపితే బెల్లం ముక్క, అంతే ఆ శిక్షణ. నెల రోజుల ఓపిక కావాలి.

జూలో జంతువులను బంధించడమే తప్పు కదా, అందులో ఉద్యోగం చేయమని పిల్లలకు చెప్పడం సరైనదేనా? – ఒక ఉపాధ్యాయుడు, సిరొంచ

ఇరుకు గదిలో ఒంటరిగా పెట్టి చూపించడం తప్పే, అలాంటి జూలు ఇంకా ఉన్నాయి. కానీ విశాఖ రెస్క్యూ సెంటరుకు సర్కస్‌ల నుంచి వచ్చిన సింహాలను అడవిలో వదలలేం, వాటికి గోళ్ళూ పళ్ళూ పాడై ఉంటాయి, వేట రాదు. మొసలి జాతి ఘరియాల్‌ను బోనులో పిల్లలు పెట్టించడం ప్రపంచంలో మొదట సాధ్యమైంది నందన్‌కానన్‌లోనే, 1980లో. ఆ పిల్లల్లో కొన్ని మహానదికి చేరాయి. ఇప్పుడు లోపల ఉన్న జంతువులు రేపు కూడా లోపలే ఉంటాయి మాస్టారూ. వాటి నీళ్ళ తొట్టి కడిగేవాడు, తిండి తూకం వేసేవాడు శ్రద్ధ ఉన్నవాడైతే ఆ రోజు వాటికి తేడా తెలుస్తుంది. పిల్లలకు చెప్పండి, జూకు తీసుకెళ్ళినప్పుడు గాజు మీద కొట్టడం, తిండి విసరడం చట్టప్రకారం నేరమని కూడా చెప్పండి. చిరుతిండి ప్లాస్టిక్ కవరు మింగిన కణుజు కడుపు మూసుకుపోయి వారాల తరబడి చిక్కి చనిపోతుంది.

మాది సముద్రం పని. వలలో పడిన తాబేలు ఒకోసారి చచ్చినట్టే ఉంటుంది. మా అబ్బాయి వాటిని బతికించాలంటాడు. ఏం చేయాలి, దాన్నే ఉద్యోగం చేసుకోవచ్చా? – గోపాల్‌పూర్

మీ అబ్బాయిని ఆపకండి. ఊపిరందక మూర్ఛపోయిన తాబేలు చచ్చినదానిలాగే ఉంటుంది. నీళ్ళలోకి తోసేస్తే మునిగి నిజంగా చనిపోతుంది. పొట్ట కిందికి ఉండేలా పడుకోబెట్టి, వెనక భాగం కనీసం అర అడుగు ఎత్తులో ఉండేలా టైరో, తాడు చుట్టో పెట్టండి, ఊపిరితిత్తుల్లో నీళ్ళు కారిపోతాయి. నీడలో ఉంచి, వీపు మీద తడిగుడ్డ, ముక్కు మీద మాత్రం వద్దు. అప్పుడప్పుడూ డిప్పను ఒక పక్కకు, తర్వాత రెండో పక్కకు మెల్లగా ఎత్తి దించండి. కంటి రెప్పనూ తోకనూ తాకి కదలిక చూస్తుండండి. నాలుగు గంటల నుంచి ఒక రోజు దాకా పడుతుంది. తేరుకున్నాక ఇంజను ఆపి, వల లేని చోట తల ముందుగా మెల్లగా దించాలి. గాయం ఉంటే వదలకుండా అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకు కబురు చేయండి. ఇంట్లో పెట్టుకోవడం నేరమవుతుంది.

నవంబరు 1 నుంచి మే 31 దాకా ఋషికుల్య ముఖద్వారం చుట్టూ 20 కిలోమీటర్లలో వేట నిషేధం ఉన్న నెలల్లో గుడ్ల కాపలాకు, గస్తీకి అటవీ శాఖ ఊరివాళ్ళను తీసుకుంటుంది. మీ అబ్బాయి అక్కడ పేరు రాయించుకుని, ఎన్ని తాబేళ్ళు ఏ తేదీన ఒడ్డుకు కొట్టుకొచ్చాయో, డిప్ప పొడవెంతో, గాయం ఎక్కడో ఒక నోటుపుస్తకంలో రాయడం మొదలుపెట్టాలి. డిప్ప పొడవును టేపుతో మెడ దగ్గరి అంచు నుంచి తోక దగ్గరి కొన దాకా, వంపు మీదుగా కొలవాలి.